డాక్టరమ్మగారి బయాలజీ క్లాసు

మా పక్కింటి డాక్టరమ్మగారు పోయారని మొన్న శనివారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఒంట్లో బాగుండక కొన్నాళ్ళుగా ఇర్వింగ్ అనే ఊళ్ళో అతని దగ్గరే ఉంటున్నారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటింటి కిటికీ దగ్గరే నిలబడిపోయాను. ఆ కిటికీలోంచే ఒక సెమిస్టరంతా ఆవిడ మీద నిఘా పెట్టాను మరి.

అప్పుడు మా అమ్మాయి పదకొండో తరగతి. హైస్కూలు చదువుతూనే ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ తీసుకుంది. పాసైతే యూనివర్సిటీలో ఆ క్లాసు మళ్ళీ చదవక్కర్లేదు. ఫెయిలైతే మాత్రం ఆ గ్రేడు కాలేజీ రికార్డులో ఎప్పటికీ ఉండిపోతుంది. డాక్టరు కావాలనుకునే పిల్లకి అది చిన్న విషయం కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మనవాళ్ళ సంగతి మీకు తెలియందేముంది? పిల్లలు ఏ క్లాసులు తీసుకుంటున్నారో పుట్టినరోజు పార్టీల్లో ఒక్కరూ నోరు విప్పరు. తీరా మొదటిరోజు క్లాసునుంచి వచ్చి మా అమ్మాయి, "అమ్మా, డాక్టర్ ఆంటీ కూడా నా క్లాసే! బ్యాక్‌ప్యాక్ వేసుకొచ్చింది" అంది.

ఏళ్ళ తరబడి గుండె డాక్టరుగా చేసి రిటైరైన మనిషికి మొదటి సంవత్సరం బయాలజీ ఎందుకండీ? పెద్దవాళ్ళకి ఫీజు లేదట, ఊరికే కూర్చోవచ్చట. పరీక్షలు రాయక్కర్లేదు, అయినా రాస్తారట. ఇర్వింగ్‌లో ఆవిడ మనవరాలిదీ పదకొండో తరగతే. ఇంకేముంది, ఆ పిల్లకోసం మా క్లాసు కూపీ లాగడానికేనని నాకు అర్థమైపోయింది. ఆఫీసు మానలేను కనుక ఆవిడ కారులోనే పంపాను కానీ, "ఆంటీ ఏమడిగినా తెలీదని చెప్పు" అని మరీ మరీ చెప్పి పంపాను.

ఏ మాట వచ్చినా "నాకేం తెలుసమ్మా, నువ్వు చెప్పు" అనడం ఆవిడ అలవాటు. గుంటూరు మనిషి, గోంగూర పచ్చడి ఎలా చేస్తావని నన్ను అడిగారు! చెబుతున్నంతసేపూ తల ఒక పక్కకి వంచి విన్నారు. ఎందుకడిగారా అని చాలా రోజులు ఆలోచించాను.

మొదటి పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు మా అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మార్కులెన్నంటే గది తలుపు వేసుకుంది. కాలేజీకి ఫోన్ చేస్తే, హైస్కూలు పిల్లయినా సరే, తల్లిదండ్రులకి చెప్పం అన్నారు. ఇక తప్పక ఆవిడనే అడిగాను.

"ఆంటీ, దానికి ఎన్నొచ్చాయి?"

"దాని మార్కులు అదే చెప్పాలమ్మా. నాదైతే పోయింది. అది క్లాసు డ్రాప్ చేస్తానంటోంది, వద్దని బతిమాలుతున్నా. అది మానేస్తే నాకు పాఠం చెప్పేదెవరు?"

డాక్టరుకి బయాలజీ పోవడమా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత క్లాసు ఉన్న ప్రతిరోజూ కారు వాళ్ళ డ్రైవ్‌వేలోకి వచ్చి ఆగేది. ఇద్దరూ దిగేవారు కాదు. మా అమ్మాయి చేతులు తిప్పుతూ ఏదో చెబుతూ ఉండేది, ఆవిడ తల వంచి వినేవారు. మా నోట్సంతా ఇర్వింగ్ చేరిపోతోందని నా గుండె మండిపోయేది.

సెమిస్టరు చివర మా అమ్మాయి తనంతట తనే వచ్చి గ్రేడు చూపించింది. బి. దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. ఆ మనవరాలు చివరికి లెక్కలు చదువుతోందని మొన్న వాళ్ళబ్బాయి అన్నాడు. అదీ నమ్మాలో లేదో.

మొన్న శనివారం సాయంత్రమే యూనివర్సిటీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి ఆవిడ పోయిన సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. అది తేరుకున్నాక, ఉండబట్టలేక అడిగాను.

"అప్పుడు ఆంటీ నిజంగానే ఫెయిలయ్యారంటావా?"

"లేదమ్మా. పేపర్ బ్యాగ్‌లో పెట్టేస్తుంటే నేను చూశా. అన్నీ కరెక్టే."

"తెలిసి కూడా సెమిస్టరంతా ఆవిడకి పాఠాలు చెప్పావా?"

"నేను చెప్తుంటే వినేది కదమ్మా. ఎన్నొచ్చాయి అని అడిగేది కాదు."

ఆవిడ బతికుండగా ఒక్కసారైనా థాంక్స్ చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పక్కింటి డ్రైవ్‌వే ఖాళీగా ఉంది. నాకు మాత్రం ఆ కారు అక్కడే కనిపిస్తోంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఒక్క మాటా వినపడదు. మా అమ్మాయి వేలితో గాలిలో గుండె బొమ్మ గీసి, రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో చూపిస్తోంది. డాక్టరమ్మగారు తల పక్కకి వంచి, ఆ సంగతి ఇప్పుడే మొదటిసారి తెలిసినట్టు వింటున్నారు.