బర్రె రాళ్లెక్కదు, యువరానర్

ఆ రోజుల్లో, పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా నన్ను నోరారా పలకరించే మనిషి ఎవరైనా ఉన్నారంటే అది బైక్ ట్యాక్సీ అతనే. "మేడమ్, ఓటీపీ చెప్పుండ్రి" అనేవాడు. నేను నాలుగంకెలూ తొందరపడకుండా, ఒక్కొక్కటే రుచి చూసుకుంటూ చెప్పేదాన్ని. (రోజుకొక కొత్త మనిషి వచ్చేవాడనుకోండి. ప్రశ్న మాత్రం మారేది కాదు కాబట్టి నా మనసులో వాళ్లంతా కలిసి ఒకే పాత స్నేహితుడైపోయారు.) ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు అప్పటికే లేచి నిలబడ్డాయి, వాటి మధ్య నుంచి మెట్రో వచ్చిపోతూనే ఉంది, సెల్‌ఫోన్ లేని చెయ్యి కనిపించేది కాదు. అంతమంది జనంలో ఒక పిల్ల మాటల కరువుతో ఎండిపోతోందంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. అప్పుడు మాత్రం అంకెలు చెప్పడం అయిపోగానే గొంతు మళ్లీ మూగనోము పట్టేది.

మాది జగిత్యాల పక్కన ఊరు. లా చదివి, ఒక పెద్ద న్యాయ సంస్థలో జూనియర్ లిటిగేషన్ అసోసియేట్‌గా చేరాను. ఈ 'లిటిగేషన్' అనే మాట మా ఇంట్లో పెద్ద దుమారమే లేపింది. మా వైపు లిటిగేషన్ మనిషి అంటే పక్కవాడి పొలం గెట్టు జరిపి, పైగా వాడి మీదే కేసు పెట్టేవాడని అర్థం. మా నానమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "గింత సదివిచ్చినంక లిటిగేషన్ దానివైతివా? ఎవలతోని కొట్లాడుతవే?" అంది. నేను ఎవరితోనూ కొట్లాడలేదు. కొట్లాడాలంటే అవతలివాళ్లు కనీసం మాట్లాడాలి కదా. ఆఫీసులో అందరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లు. పక్క కుర్చీ ఆయన నాకు 'గుడ్ మార్నింగ్' కూడా మెసేజ్‌లోనే పెట్టేవాడు. నా పని పిటిషన్ల పేజీలకు నంబర్లు వేయడం, కామాలు సరిచూడడం. మధ్యాహ్నం డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని తినేదాన్ని. ఆ మెట్లెక్కేవాళ్లు ఎవరూ ఉండరు, అందరూ లిఫ్టులోనే పోతారు. అందుకే అక్కడ కూర్చునేదాన్ని, అక్కడ కూర్చుని ఎవరూ రావడం లేదని బాధపడేదాన్ని. అమ్మ ఫోన్ చేసి "ఆఫీసుల మంచిగ చూసుకుంటున్రా బిడ్డా?" అంటే "అందరు మంచోళ్లే" అనేదాన్ని. అది అబద్ధం కాదు. నిజంగా మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే తిట్టడానికైనా ఒకసారి నా వైపు తిరిగేవారు.

మా సీనియర్‌కి నేను మనసులో పెట్టుకున్న పేరు ఎర్ర గీతల మేడమ్. నేనేం రాసిచ్చినా దాని మీద ఎర్ర గీతలే తప్ప అక్షరాలు కనిపించేవి కావు. కోస్తా వైపు మనిషి. కోపిష్టి కాదు, తీరిక లేని మనిషి. ఒకనాడు పొద్దున ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, నిలబడే ఫైలు అందించారు. "చూడమ్మా, నాకు హైకోర్టులో వాదనలున్నాయి. ఈ కేసులో దారి మూయకూడదని మన క్లయింటుకు స్టే ఇచ్చారు. దాని గడువు ఎల్లుండితో అయిపోతుంది. నువ్వెళ్లి పొడిగించమని అడుగు. పొడిగించకపోతే పక్క స్థలం బిల్డరు మర్నాటికల్లా గోడ లేపేస్తాడు, ఆ పెద్దావిడ రోడ్డు మీదికి రావడానికి దారుండదు. ఒక్క వాక్యం చెప్పి వచ్చెయ్. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు" అన్నారు. మాట్లాడకపోవడంలో నాకున్న అనుభవం ఆవిడకు తెలియదు పాపం.

ఆ ఒక్క వాక్యం ఇంగ్లిషులో ఉంది. మా సీనియర్ హైకోర్టులో 'ఆన్ హర్ లెగ్స్' ఉన్నారు, దయచేసి స్టే పొడిగించి మరో తేదీ ఇవ్వండి, అని. (కోర్టు ఇంగ్లిషులో వాదిస్తూ ఉండడాన్ని కాళ్ల మీద ఉండడం అంటారు. మిగతా సమయాల్లో వాళ్లు దేని మీద ఉంటారో నన్నడగకండి.) మూసాపేటలో నేనుండే హాస్టల్ బాత్రూంలో ఆ వాక్యాన్ని మంత్రంలా జపించాను. బకెట్‌ను జడ్జి గారనుకుని వంగి నమస్కారం కూడా పెట్టాను. బయటి నుంచి హాస్టల్ ఆంటీ తలుపు బాదింది. "ఏందమ్మా, పొద్దుగాలంత లెగ్స్ లెగ్స్ అంటున్నవ్? జారి పడ్డవా? దవాఖానకు పోదామా?" అంది. కాళ్లు బాగానే ఉన్నాయని చెప్పి పంపేశాను. ఇప్పుడనిపిస్తుంది, దవాఖానకు పోయే దారిలోనైనా ఆమె నాతో నాలుగు మాటలు మాట్లాడేది కదా అని.

ఆ రోజు రానే వచ్చింది. బైక్ ట్యాక్సీలో కోర్టుకు చేరి, హాలు బయట బెంచీ మీద కూర్చున్నాను. కొత్త నల్లకోటు వేసుకుంటే ఎవరైనా లాయరనుకుని ఏదైనా అడుగుతారేమో అని దాన్ని సంచిలోనే ఉంచాను. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు కానీ, పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చాలాసేపు నన్నే చూసి, ఒళ్లో మూట సర్దుకుని, మెల్లగా దగ్గరికి జరిగింది.

"విడాకులా బిడ్డా?" అంది.

నేను తెల్లబోయి చూశాను.

"చెప్పుకోవడానికి సిగ్గెందుకు? కొడతడా? తాగుతడా? అత్త మంచిది కాదా?"

"అయ్యో, నాకింకా పెండ్లే కాలేదవ్వా. నేను వకీలును."

"వకీలువా!" అని ఆవిడ నన్ను ఇంకోసారి పైనుంచి కిందికి చూసింది. "మరి గట్ల ఏడుపు మొకం పెట్టుకున్నవేంది? వకీలు మొకం సూస్తె అవుతలోనికి భయం పుట్టాలె గని."

అంతే. ఎన్నాళ్లుగా ఆగిపోయిన మాటలో, కట్ట తెగినట్టు బయటపడ్డాయి. ఆఫీసు, హెడ్‌ఫోన్లు, మెట్ల మీద డబ్బా, ఎర్ర గీతలు, నానమ్మ, జగిత్యాల, అన్నీ చెప్పేశాను. చెప్పకూడనివి కూడా చెప్పాను. "ఇయ్యాల మొదటిసారి కోర్టుల నిలబడుతున్న అవ్వా. నాకేం రాదు. జడ్జి సారు ఒక్క ప్రశ్న అడిగినా పడిపోత. మా క్లయింటెవరో గని పాపం, పెద్ద మేడమొస్తదని చూస్తుంటది. నన్ను చూస్తె గుండె ఆగుతది" అన్నాను. ఆవిడ నవ్వుతూ, మూట విప్పి ఒక సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. తనను అందరూ పాలవ్వ అంటారనీ, బర్రెలున్నాయనీ, చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లకు పాలు పోస్తాననీ చెప్పింది. మోకాళ్ల నొప్పుల సంగతి వచ్చింది. "మొన్న వానలప్పుడు బర్రెను ఎనుక రాళ్ల దిక్కుకెల్లి తోలుకపోయి సూస్తి. నేను జారి పడితి, పాలు పారబోస్తి. బర్రె నిలబడ్డకాడ నిలబడ్డది. బర్రె రాళ్లెక్కుతదా బిడ్డా? అదేమన్న మేకనా?" అంది. నేను సర్వపిండి నములుతూ, నిజమే, ఎక్కదు అన్నాను. తన వకీలమ్మ ఇంకా రాలేదని ఆవిడా, మా క్లయింటు ఇంకా కనబడలేదని నేనూ, ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. (మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. నేను చదివిన ఫైల్లో ఆస్తి హద్దులూ మార్గ హక్కూ ఉన్నాయి, పశువులకు 'లైవ్‌స్టాక్' అని కూడా ఒకచోట ఉంది. బర్రె అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.)

బంట్రోతు లోపలి నుంచి కేసు పిలిచాడు. మా క్లయింటు పూర్తి పేరు, ఫలానా వారి భార్య, నివాసం ఖాజాగూడ. నేను గబుక్కున లేచాను. పాలవ్వ కూడా లేచింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"నువ్వానే?" అంది పాలవ్వ.

"నువ్వా అవ్వా?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఏ దేవుడికో మొక్కుకుంది. తరువాత నా సంచిలోంచి కోటు తీసి, తానే దులిపి, నాకు తొడిగింది. "నడువు. ఎట్లయితే గట్లయితది" అంది. క్లయింటు లాయరుకు ధైర్యం చెప్పి కోర్టులోకి తోలుకుపోవడం న్యాయశాస్త్రంలో ఎక్కడా రాసి లేదు.

లోపల జడ్జి గారు తల ఎత్తకుండానే, "కేసు నంబరు చెప్పండి" అన్నారు. నంబరు అనగానే నా నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. పొద్దున బైక్ ట్యాక్సీ అతనికి చెప్పిన నాలుగంకెలూ స్పష్టంగా, గట్టిగా, గర్వంగా చెప్పాను. జడ్జి గారు కాగితాలు వెతికి, "ఆ నంబరు కేసు ఈ కోర్టులో లేదమ్మా" అన్నారు. ఎవరో దగ్గారు, ఎవరో దగ్గు నటించారు. బంట్రోతు జాలిపడి అసలు నంబరు తానే చదివాడు. ఇక జపించిన వాక్యం అందుకోవాలి. "మై సీనియర్ ఈజ్ ఆన్ హర్..." దగ్గర ఆగిపోయింది. ఎంత వెతికినా ఆ కాళ్లు దొరకలేదు. ఇంతలో బిల్డరు తరఫు లాయరు లేచాడు. జుట్టంతా వెండిలా మెరిసే పెద్దాయన, గొంతు గుడి గంటలా ఉంది. పిటిషనరు తరఫున వాదించేవాళ్లు సిద్ధంగా లేరనీ, ఆమెకు వెనక వైపు వేరే దారి ఉండనే ఉందనీ, కాబట్టి స్టే పొడిగించాల్సిన అవసరమే లేదనీ చక్కటి ఇంగ్లిషులో చెప్పి కూర్చున్నాడు.

జడ్జి గారు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "వేరే దారి ఉందంటున్నారు. మీరేమంటారు?"

మా సీనియర్ వచ్చి చెప్తారు అనాలి. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకూడదు. నేను వెనక్కి తిరిగి చూశాను. పాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. ఆ ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"బర్రె రాళ్లెక్కదు, యువరానర్!" అన్నాను. "అది మేక కాదు."

కోర్టు హాలంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆపాలనిపించలేదు. ఇంగ్లిషు పోయింది, భయం కూడా దాని వెంటే పోయింది. "ఆ వెనక దారి రాళ్ల మీదుగా ఉంది సార్. వానొస్తే జారుతుంది. ఈవిడ మోకాళ్లు బాగా లేవు. పోయిన వానల్లో పడింది, పాలన్నీ పోయాయి. ఆ పాలే ఈవిడకు బతుకు. మ్యాపులో చూస్తే అది దారే సార్, నడిస్తే కాదు" అని, బెంచీ మీద విన్నదంతా విన్నట్టే చెప్పాను. వెనక నుంచి పాలవ్వ ఉండబట్టలేక, "నిజమే సారూ! పిల్ల కొత్తది, జర నిమ్మళంగ అడుగుండ్రి" అంది. బంట్రోతు ఆవిడను కసిరాడు. జడ్జి గారు పెదవుల మీదికి వస్తున్న నవ్వును కళ్లద్దాలు సర్దుకునే మిషతో దాచుకుని, వెండి జుట్టు పెద్దాయన వైపు తిరిగారు. "ఆ దారిలో పశువులు వెళ్లగలవని మీరు దాఖలు చేసిన కౌంటర్లో ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. ఆయన కాగితాలు తిరగేశాడు. లేదు. మరుసటి వాయిదా దాకా స్టే పొడిగించారు.

బయటికొచ్చాక పాలవ్వ నన్ను ఆఫీసుకు పోనివ్వలేదు. "ఇంటికొచ్చి ఇంత బుక్క తిని పో" అని ఆటో ఎక్కించింది. ఖాజాగూడలో రెండు పెద్ద అపార్ట్‌మెంట్ల మధ్య, ఎవరో మరిచిపోయినట్టుగా మిగిలిన జాగా అది. ఒక రేకుల ఇల్లు, చెట్టు నీడ, బర్రెలు. ఆవిడ వేడన్నంలో పెరుగు పోసి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది. ఈ ఊరొచ్చాక నేను తింటుంటే ఎవరైనా ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. "జరసేపు నడుం వాల్చు" అని మంచం చూపించింది. సరే, జరసేపే కదా అనుకున్నాను.

మెలకువ వచ్చేసరికి ఎండ మేడల వెనక్కి పోయింది. ఒక బర్రె నా కోటు చేతిని ఆలోచిస్తూ నాకుతోంది. కోర్టులోకి వెళ్తూ సైలెంట్‌లో పెట్టిన ఫోను నిండా మేడమ్ చేసిన కాల్సే. వెంటనే తిరిగి చేశాను.

"ఎక్కడున్నావమ్మా? స్టే పోయిందా? పోతే పోయిందని చెప్పు, పరవాలేదు. ఏడ్చుకుంటూ ఎటైనా వెళ్లిపోయావేమోనని హడలిచచ్చాను!"

"లేదు మేడమ్, పొడిగించారు."

"పొడిగించారా! మరి చెప్పవేం? ఇప్పుడెక్కడున్నావ్?"

"క్లయింటు ఇంట్లో మేడమ్."

"అక్కడేం చేస్తున్నావ్?"

ఏం చెప్పను? "నిద్రపోయాను మేడమ్" అన్నాను. పాలవ్వ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అమ్మా, మీ పిల్లకు ఏం రాదు. ఆ ముచ్చట అదే చెప్పింది. గని కడుపుల ఉన్న మాట చెప్తది. జర మంచిగ చూసుకోండ్రి, ఒక్కతే ఉంటదట" అంది. నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవతలి నుంచి మేడమ్ నవ్వు వినిపించింది. ఆవిడకు నవ్వడం వచ్చని అప్పుడే తెలిసింది.

ఆ తరువాత అంతా మారిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ, మారలేదు. మర్నాడు కూడా అవే హెడ్‌ఫోన్లు, అవే మెట్లు. ఎర్ర గీతలు కొంచెం తగ్గాయేమో, అంతే. కేసు చాలాకాలం నడిచి, చివరికి బిల్డరు దారి వదలడానికి ఒప్పుకున్నాడు. అప్పటికి పాలవ్వ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. బర్రెలను అమ్మేసి, శంకర్‌పల్లి దగ్గర కూతురి ఇంటికి వెళ్లిపోయింది. గెలిచిన దారిలో నడవడానికి ఆవిడ లేదు. వస్తానని చెప్పి కూడా నేను చాలాకాలం శంకర్‌పల్లి వెళ్లలేదు. వెళ్లేనాటికి ఆవిడ ఈ లోకంలోనే లేదు.

ఇప్పుడు నాకూ ఒక గది ఉంది, జూనియర్లున్నారు, రోజంతా మోగే ఫోనుంది. ఇంతమందితో మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు రాసుకుపోతుంది. అయినా గచ్చిబౌలి నుంచి వస్తూ ఖాజాగూడ దగ్గర కారు ఆగినప్పుడు, ఆ రేకుల ఇల్లు ఎక్కడుండేదో అద్దాల మేడల మధ్య వెతుకుతాను. దొరకదు. ఆ పిల్ల మాత్రం కనిపిస్తుంది. నలిగిన తెల్ల కాలరు, కొద్దిగా తెరుచుకున్న నోరు, నులక మంచం మీద ఒళ్లు మరిచిన నిద్ర. దాని కోసం మేడమ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారని దానికి తెలియదు. లేపుదామా అనుకుని, నాలో నేనే నవ్వుకుని, పోనీలే, ఇంకాసేపు పడుకోనీ అని ముందుకు సాగిపోతాను.