ఆరో నవల రాసిందెవరు

గద్వాల పాత బస్టాండు దగ్గరి మా జిరాక్స్ కొట్టులో రెండే కుర్చీలు. ఒకదాంట్లో నేను, అర్చనను, మిషన్ ముందు. రెండోదాంట్లో రహీమున్నీసా, కంప్యూటర్ ముందు. పదేళ్లుగా ఇంతే. శుభలేఖలు, కౌలు కాగితాలు, కలెక్టరుకు అర్జీలు, తెలుగులో ఏది కొట్టాలన్నా ఆమె చేతి మీదుగానే పోవాలి. ఇంత తప్పుల్లేకుండా తెలుగు కొట్టే మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. నమ్మకపోతే మీ ఇష్టం. నమ్మనివాళ్ల మీద కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముందు దేవరాజు సారు సంగతి చెప్పాలి. రిటైరైన లెక్చరరు. 'కండక్టర్ సుహాసిని' నవలల రచయితగా ఈ చుట్టుపక్కల మూడు జిల్లాల్లో పెద్ద పేరు. సుహాసిని గద్వాల-వనపర్తి బస్సులో కండక్టరు, అరవింద్ ఆ బస్సు డ్రైవరు. నవలకో హత్య జరుగుతుంది. ఆ గుట్టు సుహాసిని విప్పేలోపు వాళ్లిద్దరి ప్రేమ బెత్తెడు ముందుకు జరుగుతుంది, మళ్లీ ఏదో అడ్డం పడుతుంది.

మొదటి రెండు నవలలూ సారే రాశారు. నిద్ర పట్టనివాళ్లకు మంచి మందు. మూడోదానికి వచ్చేసరికి చూపు మందగించింది. "నేను చెప్త, నువ్వు కొట్టు" అని మా కొట్టులో కూర్చున్నారు. చెబుతూ చెబుతూ ఒకరోజు శవాన్ని బీచుపల్లి వంతెన మీద వదిలేసి చాయ్‌కి పోయారు. వారమైనా ఆ శవం ఊసెత్తలేదు. చూసి చూసి రహీమక్కే దానికో దారి చూపించింది. సారు చదివించుకుని విని, "బాగనే ఉన్నది, ఇగ నువ్వే కానియ్" అన్నారు. ఆ కానియ్యడం ఇప్పటిదాకా అవుతూనే ఉంది. మూడోదాంట్లో ఆ శవం తర్వాతదంతా ఆమెదే, నాలుగోది ఆమెదే, ఐదోది ఆమెదే, ఆరోది ఆమెదే. పేరు మాత్రం ఆయనది.

కథలు ఆమెకు ఎక్కడినుంచి వస్తాయని అడిగితే చెబుతాను. వాళ్ల నాయన నబీ సాబ్ ఇటిక్యాల దగ్గర కౌలు రైతు. పదేళ్ల వయసు నుంచి ఆమె పత్తి విత్తనాల చేలల్లో మొగ్గలు గిల్లి, పూలకు చేత్తో పుప్పొడి రుద్దే క్రాసింగ్ పనికి పోయింది. రోజంతా వంగి పనిచేసే ఆడవాళ్లకు నడుం నొప్పి తెలియకుండా కథలు చెప్పింది. ఎక్కడ ఆపితే రేపు మళ్లీ అడుగుతారో అక్కడే తెలుసుకుంది.

ఐదో నవల అచ్చయి వచ్చినప్పుడు చివరి పేజీలో ఆమె పేరు ఉండాల్సిన చోట వేరే పేరు కనబడింది. 'డీటీపీ: ఆర్. నిషా' అని. ఈ నిషా ఎవరు? సారునే నిలదీశాను.

"అసలు పేరు ఎయ్యాలంటే పొడుగైతదమ్మా. అయినా తెలుగు నవల మీద గా పేరేంది అంటరు జనం" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రహీమక్క మాత్రం, "పోనీ తియ్యి అర్చనా. కథయితే చదువుతున్నరు గద" అంది. ఆమె ఓపిక చూస్తే నాకు ఆయన మీదకన్నా ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చేది.

ఆరో నవల ఫోన్లో ఆదివారానికో భాగం చొప్పున వస్తోంది. విత్తన కంపెనీకీ రైతులకీ మధ్య తిరిగే ఆర్గనైజర్ ఒకడు పొద్దున తొమ్మిదింటి బస్సు చివరి సీట్లో చచ్చి పడి ఉంటాడు. అతని గుమస్తా మీద, బామ్మర్ది మీద అనుమానాలు పోతాయి, చివరికి పోలీసులు అరవింద్‌ను పట్టుకుపోతారు. తను ప్రేమించినవాడే హంతకుడా అని సుహాసిని అన్నం మానేసింది. ఆమెతోపాటు గోపాల్‌పేటలో, నాగర్‌కర్నూలులో ఎందరు మానేశారో! ఇంకొక్క భాగమే మిగిలింది. హంతకుడెవరో రహీమక్క నాకు కూడా చెప్పలేదు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. ఆమె కూతురు మహీన్ తొమ్మిదో తరగతి. క్లాసులో ఈ నవల మాట వస్తే, పిచ్చిపిల్ల, "అది మా అమ్మ రహీమున్నీసా రాస్తది సార్" అంది. తెలుగు చెప్పే శ్రవణ్ కుమార్ సారు పిల్లను పీరియడంతా నిలబెట్టాడు. "ఇంట్ల ఉర్దూ మాట్లాడెటోళ్లు తెలుగు నవల రాస్తరా? గిన్ని అబద్ధాలు ఏడ నేర్చినవే?" అన్నాడట.

ఆ రోజు రహీమక్క ఒక్క అర్జీ కూడా సరిగ్గా కొట్టలేకపోయింది. "నన్ను ఎవ్వరేమన్నా పడ్డ. నా బిడ్డను అబద్ధాలకోరు అన్నరు అర్చనా. ఇది పడ" అంది. నేరుగా దేవరాజు సారు ఇంటికి పోయింది. ఆయన, "జర ఆగు నిషా. వచ్చే వారం నాకు సన్మానం ఉన్నది. స్టేజీ మీద నీ గురించి నాలుగు మాటలు చెప్త, సరేనా" అని పంపేశారు.

సన్మానం పొద్దున పదింటికి, ఒక ఫంక్షన్ హాల్లో. మైకు పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆ శ్రవణ్ కుమారే. నేను, రహీమక్క, మహీన్ చివరి వరుసలో కూర్చున్నాం. శాలువా కప్పుకుని సారు నలభై నిమిషాలు మాట్లాడారు. భార్యకు కృతజ్ఞతలు చెప్పారు, ప్రెస్సువాళ్లకు చెప్పారు, బీపీ డాక్టరుకు కూడా చెప్పారు. రహీమక్క మాటే లేదు.

గోపాల్‌పేట నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. "సార్, ఆదివారం దాంక ఆగలేకపోతున్నం. చంపిందెవరో మా చెవుల్ల ఎయ్యుండ్రి!"

హాలంతా చప్పట్లు. సారు నవ్వారు, నీళ్లు తాగారు, మళ్లీ నవ్వారు. "ఎవరంటే... ఆ ఆర్గనైజర్ దగ్గర గుమస్తా లేడా, వాడే" అన్నారు.

మహీన్ లేచి నిలబడింది. "గుమస్తా నాలుగో భాగంలనే సచ్చిపోయిండు గద సార్!"

హాలు ఘొల్లుమంది. తన పేరు మీద వచ్చిన నవలను ఆ మహానుభావుడు చదవను కూడా లేదు. నవ్వనిది శ్రవణ్ కుమార్ ఒక్కడే. "ఏయ్, కూసో! పెద్దల ముందట గిట్లనేనా మాట్లాడేది?" అని మైకులోనే అరిచాడు. మహీన్ కూర్చోలేదు. దేవరాజు సారు చివరి వరుస వైపు చెయ్యి ఊపుతూ, "నిషా, నీకు చెప్పి పెట్టిన గద, చెప్పమ్మా" అన్నారు.

రహీమక్క స్టేజీ ఎక్కి మైకు తీసుకుంది.

"చంపింది ఆర్గనైజర్ బామ్మర్ది. పోలీసులు అడిగితే ఆయన ఏమన్నడు? పొద్దుగాల తొమ్మిదింటికి చేన్ల మొగ్గలు గిల్లుతున్న అన్నడు."

ముందు వరుసల్లోని చదువుకున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. పక్కనుంచి జంగమ్మ, నలభై ఏళ్లుగా క్రాసింగ్ పనికి పోయే మనిషి, గట్టిగా అందుకుంది. "పొద్దుగాల మొగ్గలెవడు గిల్లుతడే! గిల్లేది పొద్దుగూకేటప్పుడు. పొద్దుగాల పుప్పొడి రుద్దుడే గద! ఆ దొంగ నాకొడుకు చేనుకే పోలే!"

"పోలే జంగమ్మా" అంది రహీమక్క. సారు వైపు తిరిగింది. "మొగ్గలెప్పుడు గిల్లుతరో మీకు తెల్సా సార్?"

ఆయన శాలువా అంచు చూసుకున్నారు.

"తెల్వదు. నాకు తెల్సు. నాలుగు నవలలు నేనే రాసిన. నా బిడ్డ అబద్ధం చెప్పలే."

ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క రహస్యమే. ఆదివారం కోసం ఆరు నెలలు దాచుకున్నదాన్ని కూతురి కోసం నిమిషంలో ఖర్చు చేసేసింది. నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు.

శ్రవణ్ కుమార్ మైకు వెనక్కి తీసుకుని, "సభకు ఒక మనవి... మన అసలు రచయిత్రి..." అని ఆగిపోయాడు. చేతిలోని కాగితం చూశాడు, దాంట్లో లేదు. దేవరాజు సారును చూశాడు. ఆయన గొణిగింది ఎవరికీ వినబడలేదు. చివరికి ఇంకా నిలబడే ఉన్న మహీన్‌ను అడిగాడు.

"మీ అమ్మ పూర్తి పేరేందమ్మా?"

"గా దినం క్లాసుల చెప్పిన సార్, మీరే ఇనలే" అంది మహీన్. "రహీమున్నీసా. ఇప్పుడన్న రాసుకోండ్రి."

శ్రవణ్ కుమార్ సారు జేబులో పెన్ను వెతుక్కున్నాడు.