తెల్లచెక్కకు మసి అంటకూడదని

మోకాలి చిప్ప మార్చాలంటే ముందు గుండె చూస్తారు, ఎముక గట్టితనం చూస్తారు, ఊపిరితిత్తులు చూస్తారు. మన ఈడు వాళ్ళకు ఈ తిరుగుళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఎవరి ఫైలు వాళ్ళ చంకలోనే ఉంటుంది. మొన్న నెల్లూరులో ఒక ఊపిరితిత్తుల డాక్టరమ్మ గది ముందు నా వంతు కోసం కూర్చున్నప్పుడు ఎదురుగోడ మీద ఒక పెద్ద బొమ్మ కనిపించింది. ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని పొయ్యి ఊదుతోంది. ఆమె ఛాతీలోంచి బాణం గుర్తులు బయల్దేరి ఒకటి గుండెకు, ఒకటి చేతికండకు, ఒకటి వెన్నెముకకు, ఇంకొకటి వాచిన పాదాలకు పోతున్నాయి. ఎవరు గీశారో ఏమో గానీ, అచ్చం మా అమ్మే.

లోపలికి వెళ్ళాక నా పరీక్ష సంగతి వదిలేసి ఆ బొమ్మ గురించే అడిగాను. కూతురంత వయసున్న పిల్ల, ఓపిగ్గా చెప్పింది. పొయ్యి పొగకు ఊపిరితిత్తులు చెడితే ఆ చెడు అక్కడితో ఆగదట, గుండె కుడిపక్క అలిసిపోయి కాళ్ళకు నీరు దిగుతుందట, కండ కరిగిపోతుందట, ఎముక గుల్లబారుతుందట, వీటన్నిటికీ మధ్య ఉన్న లంకె ఈమధ్య పరిశోధనల్లో బాగా బయటపడుతోందట. "నాలుగు జబ్బులు కావమ్మా, అంతా కలిపి ఒకటే" అంది. అంతే, నాకు దుఃఖం ఆగలేదు. ఆపరేషనుకు భయపడుతున్నాననుకుని పాపం ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని బోలెడు ధైర్యం చెప్పింది. నా భయం సంగతి ఎవరిక్కావాలి తల్లీ! ఎప్పుడో నా ఇరవైల్లో మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి ఉన్న జబ్బు ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది.

మాది ఉదయగిరి. కొండ కింద మా వీధిలో సగం ఇళ్ళు చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే సాయిబుల ఇళ్ళే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా అబ్బా, అంటే మా నాన్న, ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. కొండ మీద నుంచి తెచ్చిన తెల్లచెక్కను బాడిశతో చెక్కి, ఉలితో గుంట తీసి ఇస్తే, అక్కా నేనూ వసారాలో కూర్చుని ఆకురాయితో నునుపు చేసేవాళ్ళం. ఆ చెక్కకు అందమంతా దాని తెలుపే. పాలమీగడ రంగులో ఉంటేనే కొట్టువాడు కళ్ళకద్దుకుని తీసుకునేవాడు, కాస్త పసుపు తిరిగిందంటే మూతి ముడుచుకునేవాడు. చెక్కిన సరుకును ఎండ తగలకుండా పెరట్లో పందిరి కింద ఆరబెట్టేవాళ్ళం, మా వంటింటి కిటికీ సరిగ్గా ఆ పందిరిలోకే తెరుచుకునేది.

ఒకసారి ఒక మోపు గరిటెలు మసిపట్టాయని తిరిగొచ్చాయి. మా అబ్బా ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మేము బడి నుంచి వచ్చేసరికి మా అమ్మ ఆ కిటికీకి ఇటుకలు పేర్చి, బంకమట్టి మెత్తి, పైన పేడతో అలికి, గోడలో గోడగా కలిపేసి ఉంది. ఎవరూ చెప్పలేదు, తనకు తనే చేసింది. మా అబ్బా వేలితో తడిమి చూసి, ఇంత నున్నగా మేస్త్రీ కూడా మెత్తలేడని మురిసిపోయాడు, అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక ఆ వంటిల్లు ఎలా ఉండేదో చెప్పాలా! పొయ్యిలోకి చెక్కపేళ్ళు, డబ్బాపొయ్యిలోకి కూరి పెట్టిన చెక్కపొట్టు, అన్నీ మా పనిలో వచ్చినవే, ఖర్చులేని వంటచెరుకు. పొట్టు మండదు, గంటలకొద్దీ కుములుతుంది. ఉన్న ఒక్క తలుపులోంచి పొగ పోవాలి, అదీ గాలి దయ తలిస్తే. మమ్మల్ని గడప తొక్కనిచ్చేది కాదు. కళ్ళు పాడవుతాయి, పోయి చదువుకోండి అని తరిమేది. అక్కకు పెళ్ళయ్యాక ఆమె అత్తగారు, అన్నం వార్చడం కూడా నేర్పని తల్లి ఏం తల్లి అని సాధించింది.

అలాగని మా ఇంట్లో ఊపిరితిత్తుల గురించి భయం లేదనుకోకండి, అదెప్పుడూ ఉండేది, అయితే అది మా అబ్బా కోసం. చెక్కదుమ్ము రొమ్ములో పేరుకుంటుందని మా దాదీ, అంటే నాన్నమ్మ, కొడుక్కి రోజూ పని దిగగానే బెల్లం పెట్టేది, రాత్రికి పాలు ఇప్పించేది, శుక్రవారం బాడిశ ముట్టనిచ్చేది కాదు. ఆ పాలు కాచేది అమ్మే, ఆ గదిలోనే. వసారాలో నాలుగువైపుల గాలి ఆడే చోట కూర్చున్న మనిషికి ఇంటిల్లిపాదీ సేవలు చేశాం. ఆ తలుపు వెనక ఒక మనిషి రెండు పూటలా పొగ మింగుతోందన్న ఆలోచనే రాలేదు. పొయ్యన్నాక పొగ రాదా, ఆడదన్నాక దగ్గదా, ఇదీ మా తెలివి.

డెబ్బయిల నడుమ అమ్మకు కళ్ళె పడడం మొదలైంది. పొద్దున లేస్తే దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడేది. వీధిలో చెవులు కొరుక్కున్నారు. మేము పెద్దమ్మా అని పిలుచుకునే ఎదురింటి రెడ్డిగారి ఇల్లాలు ఒక్కతే ధైర్యంగా వచ్చి మొహం మీదే అంది. "ఏందే, ఆ దగ్గు మంచి దగ్గు మాదిరి లేదే. టీబీనేమోనని అందరూ అంటా ఉండారు. ఆడబిడ్డలుండే కొంప, ఆత్మకూరుకు తీసకపోయి చూపిచ్చుకోండి" అని. అప్పటికే కొందరు మా ఇంట మంచినీళ్ళు తాగడం మానేశారు. అక్కకు వచ్చిన సంబంధం ఒకటి ఏ మాటా చెప్పకుండా వెనక్కి పోయింది. టీబీ అన్న మాట ఆ రోజుల్లో ఇంటి మీద పిడుగు.

ఆత్మకూరులో మా మామూ, అమ్మకు తమ్ముడు, లారీ డ్రైవరు. ఆయన ఇంట్లో దిగి డాక్టరుకు చూపించాం. కళ్ళె పరీక్ష చేశారు, రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీశారు. ఫలితం కోసం కూర్చున్న ఆ రోజుల్లో మా అబ్బా వేలాడేసిన మొహం నేను మరిచిపోలేను. చివరికి డాక్టరు పిలిచి టీబీ కాదు పొమ్మన్నాడు. మా అబ్బా అక్కడే కూలబడి, "అంతే చాలు సామీ, ఇంకేమొచ్చినా మేం చూసుకుంటాం" అని ఏడ్చేశాడు. బీడీ తాగుతావా, అది మానెయ్యి, ఆమెకు మంచిది కాదు అని డాక్టరు ఒక మాట చెప్తే, బస్టాండుకు రాగానే ఉన్న కట్ట తీసి కాలవలో పారేశాడు, మళ్ళీ బతికినన్నాళ్ళూ ముట్టలేదు. పెళ్ళాం కోసం బీడీ మానిన మగాడని వీధంతా వింతగా చెప్పుకున్నారు. ఇంట్లో ఏ పొయ్యి మీద వండుతారని ఆ డాక్టరు అడగనూ లేదు, చెప్పాలని మాకు తోచనూ లేదు.

ఊరికి వచ్చిన మర్నాడు మా ఇంట్లో పండగ. టీబీ కాదని తేలినందుకు ఫాతెహా ప్రార్థన చదివించి, మా ఇంట నీళ్ళు తాగడం మానేసిన గడపలతో సహా వీధికంతా తీపన్నం పంచాలని దాదీ అంది. వండింది ఎవరనుకున్నారు? అమ్మే. ఇంత పెద్ద డేగిసా పొయ్యి మీదకెక్కించి, తలుపు వారగా మూసి, మధ్యాహ్నమంతా ఆ పొగలోనే దగ్గుతూ, చెమటలు కారుస్తూ, నవ్వుతూ వండింది. "నాకేమయ్యింది, దుక్కలా ఉండాను పెద్దమ్మా" అని ఎదురింటి ఆమెకు మొదటి గిన్నె తనే తీసుకుపోయి ఇచ్చింది. నేను ఆ తీపన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. అంత రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు, తగలకూడదు కూడా.

టీబీ కాదని తేలాక ఇక ఏది వచ్చినా అదొక లెక్క కాదు మాకు. దగ్గు దగ్గులాగే ఉండిపోయింది. తర్వాత ఆమె చిక్కిపోవడం మొదలుపెట్టింది, చేతులు పుల్లలయ్యాయి, గాజులు మోచేతి దాకా ఎక్కేవి. సరిగ్గా తినడం లేదని దాదీ తిట్టి గుడ్లు తినిపించింది, దిష్టి తీసింది. ఇంకొన్నాళ్ళకు నీళ్ళ బిందె ఎత్తుకోబోతే నడుములో కటుక్కుమంది. దుత్తలూరు దగ్గర పల్లెలో ఎముకలకు కట్టు కట్టే ఆయన దగ్గరికి బండి మీద తీసుకుపోయాం. బరువెత్తితే విరిగింది అన్నాడు, బిందె మీద కోప్పడ్డాం. మరికొన్నేళ్ళకు పాదాలు వాచాయి, వేలు పెట్టి నొక్కితే గుంట పడేది. నంజు, ఒంటికి నీరు పట్టింది అన్నారు, ఉప్పు మాన్పించాం. చప్పిడి కూడు తింటూ మాకు మాత్రం ఉప్పూకారం సరిచూసి వండేది. ఒక్కో జబ్బుకు ఒక్కో వైద్యుడు, ఒక్కో పథ్యం, ఏ మందుకు ఆ మందు డబ్బులు వెతుక్కుని కొన్నాం. మేము పట్టించుకోలేదని ఎవరైనా అంటే ఊరుకోను. పట్టించుకున్నాం, శక్తికి మించి తిరిగాం, అన్నీ చూశాం, ఆ పొయ్యి తప్ప.

ఇంకొక సంగతి ఉంది, అది గుర్తుకొస్తే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. నేను టీచర్ ట్రైనింగు అయ్యి ఆత్మకూరులో ఉద్యోగంలో చేరి మామూ ఇంట్లోనే ఉండేదాన్ని. వాళ్ళది కిరసనాయిల్ స్టవ్వు, అదీ వరండాలో. అమ్మ వచ్చి కొన్నాళ్ళుంటే ఆయాసం తగ్గేది. ముద్ద ఎక్కువ తినేది, మెట్లెక్కి మిద్దె మీదకు పోయి వడియాలు పెట్టేది, పడుకుని నిద్రపోయేది. అందరం ఏమనుకున్నామో తెలుసా? ఆత్మకూరు నీళ్ళు ఆమెకు పడ్డాయి అనుకున్నాం! మామూ గర్వంగా, "మా ఊరి నీళ్ళ మహిమ ఇది. ఈడే ఉండిపో అక్కా, నీకేం తక్కువ చేస్తాను?" అని బతిమాలాడు. నేనూ బతిమాలాను. "ఆయనకు ఎవురు వండిపెడతారురా? ముసలామె కూడా ఉండాదే" అని బస్సెక్కింది. ఉదయగిరి పోయిన వారానికే మళ్ళీ ఆయాసం. నీళ్ళు మారాయి కదా అన్నాం. నేను ఒకసారి క్యాను నిండా ఆత్మకూరు నీళ్ళు బస్సులో మోసుకుపోయి అమ్మకు తాగించాను. ఓరి నా తండ్రీ, ఆ నీళ్ళతో ఆమె ఆ పొయ్యి మీదే మాకు టీ పెట్టి ఇచ్చింది.

ఎనభైల నడుమ ఒక చలికాలం కబురొస్తే వెళ్ళాను. అమ్మ పడుకోలేకపోతోంది, పడుకుంటే ఊపిరాడదు. చుట్టిన పరుపుకు ఆనించి కూర్చోబెట్టారు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మా అబ్బా తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు, చెయ్యి మార్చుకుని మరీ విసురుతున్నాడు. నన్ను చూసి అమ్మ ఏదో అనబోయింది, మాటకు సరిపడా గాలి లేక నా తల నిమిరింది. అంత గాలి విసిరినా అమ్మకు అందలేదు. మధ్యాహ్నం నమాజు వేళకు పోయింది. ఆ రోజు మా పొయ్యిలో పిల్లి లేవలేదు, ఎదురింటి పెద్దమ్మే అన్నం వండి పంపింది.

నలభై రోజులు పోయాక మా అబ్బా బాడిశ, ఉలి అన్నీ గోనెసంచిలో కట్టి ఎవరికో ఇచ్చేశాడు. "నా దుమ్మే తినేసిందమ్మా మీ అమ్మను. నాకు రావాల్సింది ఆమెకు పోయింది" అన్నాడు. ఎంతమంది ఎన్ని చెప్పినా మళ్ళీ చెక్క ముట్టలేదు. ఆయన్ను ఆత్మకూరు తీసుకొచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. చివరిదాకా అదే దిగులుతో, తన చేతులకేసి చూసుకుంటూ బతికి, ఆయనా పోయాడు. నీ దుమ్ము కాదు అబ్బా అని ఇప్పుడు చెప్పాలని ఉంది. చెప్తే, మరింకేమిటి అని అడుగుతాడు కదా. ఆమె మెత్తింది, నువ్వు మురిశావు అని ఏ నోటితో చెప్పేది? పోనీలే, తెలియకుండా పోవడమే మేలైందేమో, నాకేం తెలుసు.

ఇప్పుడు ఉదయగిరిలోనూ ఇంటింటికీ గ్యాసు, ఊదుగొట్టం చూపిస్తే పిల్లలు పిల్లనగ్రోవా అని అడుగుతారు. మా కోడలు నాలుగుసార్లు దగ్గితే చాలు, దాని చిన్నకూతురు ఆట ఆపి పరిగెత్తుకొచ్చి, ఏమైందమ్మా, డాక్టరుకు ఫోన్ చెయ్యమంటావా అని మొహంలో మొహం పెట్టి అడుగుతుంది. చూసి మురిసిపోతాను, మరుక్షణం మా చిన్నతనం గుర్తుకొస్తుంది. బడి నుంచి వచ్చి పుస్తకాలు వసారాలో పడేసేసరికి వంటింట్లోంచి మాకు దగ్గు వినిపించేది. అమ్మ ఇంట్లోనే ఉందిలే అనుకుని, నిశ్చింతగా ఆటకు పోయేవాళ్ళం.