శాకాహార చేప

పుంగనూరులో గోవిందరాజులుది పూజాసామాన్ల కొట్టు. మోకాలి ఆపరేషన్ అయినాక నడక తగ్గి, పొద్దంతా గల్లా దగ్గరే కూర్చునేవాడు. చూసుకోవడానికి ఏదైనా ఉండాలని గల్లా పక్కన అడుగున్నర అద్దాల తొట్టి పెట్టి, వేలిగోరంత ఎర్ర రొయ్యలు పది వదిలాడు. అవి పగలంతా నాచులో దూరి ఉండేవి. కర్పూరానికి వచ్చిన సదుం గంగులప్ప తొట్టిలోకి వంగి చూసి, "ఏం సెట్టీ, నీళ్ళు గూడా అమ్ముతాండావా?" అన్నాడు.

ఆ మాట ఆయనకు తగిలింది. పైన తిరిగే చేపలు నాలుగుంటే బాగుంటుందనుకున్నాడు. అయితే అవి రొయ్యల జోలికి పోకూడదు. బస్సెక్కి మదనపల్లెలో చేపలమ్మే మునిచంద్ర దగ్గరికి పోయి, శాకాహార చేపలు కావాలన్నాడు. గోవిందరాజులు ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. నాచు తిని బతికే ప్రాణి ఇంకో ప్రాణిని ముట్టదని ఆయన నమ్మకం. మునిచంద్ర నల్ల మోలీ చేపలను చూపించి, ఇవి నాచు బాగా తింటాయిగానీ, అంటూ ఇంకేదో చెప్పబోయాడు. నాచు అన్న మాట దగ్గరే ఈయన వినడం ఆపేశాడు. నాలుగు కట్టించుకుని వచ్చాడు.

మోలీలు నాచే తిన్నాయి. నెల తిరక్కుండా ఒక రొయ్య పొట్ట కింద పసుపుపచ్చని గుడ్లు కనిపించాయి. భోజనం క్యారియర్ తెచ్చిన భార్య విజయమ్మకు చూపించాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇన్నేండ్లకు మన గడపలోకి గుడ్డొచ్చిందన్నమాట," అంది.

అప్పటినుంచి ఆయన కొట్టు అరగంట ముందే తెరిచేవాడు. సరుకు కోసం కుప్పం పోవాల్సిన పని రెండుసార్లు వాయిదా వేశాడు. ఆ పిల్లలు బతకాలి, అంతే. మూడు వారాలకు ఒక ఉదయం గాజు మీద తెగిన దారపు ముక్కల్లాంటివి కదిలాయి. ఇరవై దాకా ఉన్నాయి. ఆయన చూస్తుండగానే ఒక మోలీ వచ్చి, నాచు గీకినట్టే గాజును గీక్కుంటూ పోయింది. అది పోయిన దారిలో ఏమీ మిగల్లేదు. వల వెతికి నాలుగింటినీ పట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి పిల్ల ఒక్కటీ లేదు.

మోలీలను కవర్లో తీసుకుపోయి మునిచంద్రకు తిరిగిచ్చాడు. తిట్టలేదు. శాకాహారమన్నావే, అని మాత్రం అన్నాడు.

"ఆ మాట మీరన్నారు సెట్టిగారూ. చేపకు ఆచారం యాడుంటాది? నోట్లో పట్టేది ఏదైనా తింటాది. ఏం తింటాదని అడగొద్దు, నోరు సూడండి."

"అయితే నోరు లేనిది చూపించప్పా."

గంటసేపు ఒక్కో తొట్టి ముందు వంగి నోళ్ళు చూశాడు. చివరకు గాజుకు అతుక్కుని ఉన్న సన్నటి చేపలు రెండు తీసుకున్నాడు. వాటి నోరు కిందివైపు ఉంది, గాజును నాకడానికి తప్ప దేనికీ చాలదు. వీటిని ఓటో అంటారని మునిచంద్ర చెప్పాడు. ఈయన ఆటో అనే పిలిచేవాడు.

ఇంకో రొయ్య గుడ్లు మోసింది. ఈసారి పద్నాలుగు పిల్లలు లెక్కకొచ్చాయి. మూడో రోజు పదమూడే కనిపించాయి. విజయమ్మ క్యారియర్ విప్పి పెట్టినా ఆయన గాజు వదల్లేదు. ఆమె కూడా పక్కన వంగింది. నాచు కొసన ఉన్న పద్నాలుగోదాన్ని ఆమే ముందు చూసి, వేలు పెట్టి చూపించింది.