చూడని పాదాలకు పెట్టిన టిక్కు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో, విశాఖపట్నంలో నేను పనిచేసే క్యాన్సర్ ఆస్పత్రి వారు నన్ను ఫార్మసీ నుంచి తీసి పరిశోధన విభాగంలో వేశారు. హోదా క్లినికల్ రీసెర్చ్ కో-ఆర్డినేటర్. ఆ పేరులో ‘ఆర్డర్’ వినిపిస్తుంది గానీ, ఆర్డర్లు నాకు వచ్చేవే తప్ప నేను ఇచ్చేవి కావు. రిటైర్మెంటుకు నాలుగేళ్ళుంది. కూర్చుని చేసే పని కదా అన్నారు. కూర్చున్న మాట నిజమే, లేచిన జ్ఞాపకం తక్కువ.

నాకు అప్పగించింది థైరాయిడ్ క్యాన్సర్ మీద ఒక కొత్త మాత్ర ట్రయల్. ఊపిరితిత్తులకు పాకిపోయి, రేడియో అయోడిన్ చికిత్సకు కూడా లొంగని రోగులకు ఈ మాత్ర. గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి. అందుకని చుట్టుపక్కల కొత్త రక్తనాళాలు పుట్టేలా కబురు పంపుతుంది. ఆ కబురును ఈ మాత్ర మధ్యలోనే ఆపుతుంది. నేను ఫార్మసీలో చేరిన కొత్తలో ఇలాంటి రోగులకు నొప్పి మాత్రలిచ్చి, ధైర్యం చెప్పి పంపేవాళ్ళం. ఆ ధైర్యం మా దగ్గర ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పను.

ట్రయల్‌లో చికిత్స డాక్టరుది, కాగితం కో-ఆర్డినేటర్‌ది. ప్రతి ఇరవై ఎనిమిది రోజులకు రోగి వస్తారు. బరువు, బీపీ, రక్తపరీక్ష, మిగిలిన మాత్రల లెక్క, ఆపైన దుష్ప్రభావాల పట్టిక. ఒక్కో బాధకూ ఒక గ్రేడు ఉంటుంది. ఈ మాత్రతో ముఖ్యంగా చూడాల్సింది అరచేతులు, అరికాళ్ళు. ఒత్తిడి పడేచోట చర్మం మందమై, బొబ్బలెక్కి పగులుతుంది. నొప్పి లేకుండా కాస్త ఎర్రబడితే ఒకటో గ్రేడు. నొప్పితో రోజువారీ పనులకు ఇబ్బందైతే రెండు. తన పని తాను చేసుకోలేని స్థితి మూడు. మూడొస్తే మాత్ర ఆపాలి. ఒకటికి దిగాక తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టాలి. ఇరవై ఎనిమిది రోజుల్లో దిగకపోతే ఆ రోగి ట్రయల్ నుంచి బయటికే.

పోలమ్మ మా ట్రయల్‌లో నాలుగో మనిషి. జాలరిపేట. యాభైకి ఇటుపక్క వయసు. భర్త తాతారావు బోటు మీద వేటకు వెళితే, ఆమె గంప నెత్తిన పెట్టుకుని కాలనీల వెంట తిరిగి చేపలమ్మేది. వచ్చిన కొత్తలో మా గది గుమ్మం చేరేలోపు రెండుసార్లు ఆగేది, ఊపిరందక. మాత్ర మొదలైన మూడో నెల స్కానులో ఊపిరితిత్తుల మీది మచ్చలు తగ్గాయి. ఆమెకు స్కానుతో పని లేకపోయింది. మళ్ళీ గంప ఎత్తింది, అదే ఆమె రిపోర్టు.

విజిట్‌కు వచ్చినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయట విడిచేది. అవసరం లేదని బోర్డు పెట్టాం గానీ, డాక్టరు గది అంటే ఆమెకు గుడి లెక్క. కుర్చీ అంచున కూర్చుని, కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కునేది. చేతులు చూపించమంటే రెండూ చాపేది. ఐసులో, ఉప్పునీళ్ళలో నానిన చేతులు. మార్పేమీ లేదు.

“కాళ్ళెలా ఉన్నాయమ్మా?” అని అడిగేవాణ్ణి.

“ఉన్నాయి బాబూ, రెండూ ఉన్నాయి.”

నేను నవ్వేవాణ్ణి. నవ్వుతూనే ‘చేతులు, పాదాలు పరీక్షించాను: మార్పు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసేవాణ్ణి. ఆ తర్వాత డాక్టరు గారు నా కాగితం చూసి ఊపిరితిత్తుల సంగతిలోకి వెళ్ళేవారు. ఇలా ఆరు విజిట్లు. సాకులు చెప్పమంటే చెబుతాను. ఉదయం ఆరుగురు రోగులు, మధ్యాహ్నం మందు కంపెనీ వారి ఈమెయిల్ ప్రశ్నలు, సాయంత్రానికి నా కళ్ళు అక్షరాలను చూసేవి, మనుషుల్ని కాదు. అడగడం వేరు, చూడడం వేరు అని తెలియని వయసూ కాదు నాది.

ఏడో విజిట్‌నాడు నేను గదిలోకి వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు కాలికి తగిలాయి. మగవాళ్ళవి, పెద్ద సైజు. లోపల పాత నూలు చీర పీలికలు మడతలు వేసి పరిచారు. పీలికల మీద ఎండిన రసి మరకలు. ఎవరివని ఆయా రవణమ్మను అడిగాను.

“పోలమ్మవి బాబూ. మొగుడి సెప్పులేసుకొచ్చింది. ఆ మడిసి కాళ్ళ అంచుల మీద నడుత్తంటే మీకు అగుపడ్నేదా?” అంది.

అగుపడలేదు. లోపలికి వెళ్ళి పోలమ్మను కాళ్ళు చూపించమన్నాను. ఆమె ఇంకా లోపలికి లాక్కుంది.

“పెద్దోరు, మీ ముందర కాళ్ళు సాపడమేటి? తప్పు బాబూ.”

తప్పు ఎవరిదో అప్పటికే నాకు తెలుస్తోంది. రవణమ్మ పరీక్ష మంచాన్ని పక్కకు తిప్పింది, కాళ్ళు గోడవైపు ఉండేలా, నావైపు కాకుండా. అప్పుడు గానీ ఆమె పడుకోలేదు. రెండు మడమల మీదా, బొటనవేళ్ళ కిందా చర్మం పసుపురంగు పెంకులా బిగిసి, మధ్యలో చీలి ఉంది. నెలన్నరగా గంప ఎత్తలేదని, మరుగుదొడ్డికి కూడా తాతారావు భుజం పట్టుకునే వెళుతోందని అప్పుడు తెలిసింది. మూడో గ్రేడు.

ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెంచాననుకుంటాను.

“సెప్తే మాత్తర ఆపేత్తారు గదా. నాను సదూకోలేదు గానీ, కాయితం మీద ఏలుముద్ర ఏసిన్నాడు మీరే సదివి సెప్పేరు. కాళ్ళు నేకపోతే కూకుని బతుకుతాను. ఊపిరి నేకపోతే ఏటి సేత్తాను?”

సమ్మతి పత్రం నేను చదివి వినిపించిన రోగులందరిలో అంత శ్రద్ధగా విన్నది ఆమె ఒక్కతే.

మాత్ర ఆ రోజే ఆపారు. రెండో గ్రేడులోనే చూసి ఉంటే మోతాదు కాస్త తగ్గించి, లేపనంతో సర్దుకునేది, ఆపాల్సిన అవసరం ఉండేది కాదు.  

ట్రయల్ కాగితాల్లో తప్పు దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. వైట్నర్ వాడకూడదు, చెరిపేయకూడదు. తప్పు కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన నిజం రాసి, మన పేరు పొడి అక్షరాలు, దిద్దిన తేదీ వేయాలి. ఆరు విజిట్ల మీద ఆరు గీతలు కొట్టి, ‘పాదాలు చూడలేదు’ అని రాశాను. ట్రయల్‌లో రోగుల క్షేమం చూసే నైతిక సంఘానికి నివేదిక నా పేరుతోనే వెళ్ళింది. తనిఖీకి వచ్చిన కంపెనీ మానిటర్, నా కొడుకు వయసు కుర్రాడు, ‘ప్రశ్న అడిగి టిక్కు పెట్టారా సార్’ అని మర్యాదగా అడిగాడు. అవునన్నాను. నాకు తిరిగి శిక్షణ వేశారు. పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. ప్రశ్నలు అడగడం, జవాబులు చెప్పడం నాకెప్పుడూ బాగానే వచ్చు.

చర్మాన్ని మెత్తబరిచే యూరియా లేపనం, మెత్తటి అట్టల చెప్పులు, కాళ్ళకు విశ్రాంతి. వారానికోసారి ఫోన్ చేస్తే తాతారావు ఎత్తేవాడు. కూర్చోబెట్టానని, గంప తన వదిన తిప్పుతోందని చెప్పేవాడు. మూడు వారాలు దాటాక పోలమ్మే ఫోన్ తీసుకుని గడువు ఇంకెన్ని రోజులుందని అడిగింది. ఏడని చెప్పాను. తన లెక్కకు ఆరే వచ్చాయంది. ఆమె లెక్కే సరైనది. దగ్గు మళ్ళీ మొదలైందని కూడా చెప్పింది, తేలిగ్గా, వేరెవరిదో అన్నట్టు.

ఇరవై ఆరో రోజున వచ్చింది. మంచం ముందే తిప్పి ఉంచాం. ఈసారి డాక్టరు గారు, నేను ఇద్దరం చూశాం. పెంకు ఊడి, కింద లేత చర్మం. నొప్పి లేదంది. ఆ మాట మీద ఆగకుండా వేలితో నొక్కి చూశాం, లేచి నిలబడమన్నాం, వరండా చివరిదాకా నడవమన్నాం. ఒకటో గ్రేడు. తక్కువ మోతాదులో మాత్ర మొదలైంది. తర్వాతి స్కానులో ఒక మచ్చ రవ్వంత పెరిగింది, మిగిలినవి అలాగే ఉన్నాయి. ఆ పెరిగినది మాత్ర ఆగిన రోజుల వల్లనా, తగ్గిన మోతాదు వల్లనా, రోగం దారిలో రోగం పెరగడమా అన్నది ఒక్క మనిషిని చూసి ఎవరూ తేల్చలేరు. నేను రిటైరైన నాటికి ఆమె ఇంకా ఆ మాత్ర మీదే ఉంది.

ఆ వారంలోనే మిగిలిన రోగులందరి పాదాలూ చూశాను. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన మేజోళ్ళు విప్పితే రెండో గ్రేడు బయటపడింది. ఆయన చేతుల్లోనూ మార్పు లేదు. ఆయన గడిలోనూ నా టిక్కే ఉంది. దాని మీదా గీత కొట్టాను.

మాత్ర ఎంత కొత్తదైనా, దాని గురించి పుస్తకాల్లోకి ఎక్కేది నాలాంటి వాడు సాయంత్రం పూట రాసిన గడే. రోగి చెప్పినది ‘చెప్పారు’ అనే రాయాలి. ‘చూశాను’ అని రాయాలంటే చూడాలి. నేను నేర్చుకున్నది ఇంతే, అదీ యాభై ఏడో ఏట.