తోకకు పూసిన లప్పం

మదనపల్లెలో లారీలకు రంగులు వేసే కదిరప్ప స్ప్రే గన్ పట్టాడంటే, పాత బండి కూడా కొత్తదానిలా మెరిసేది. ఆ పేరు విని 2002లో పుంగనూరు నుంచి ముద్దుకృష్ణ వచ్చాడు. మోటార్ల వైండింగ్ షాపు ఆయనది. షాపు వెనక రేకుల షెడ్డులో, ఒక మనిషి కూర్చునేంత విమానాన్ని ఏళ్ల తరబడి సొంతంగా తయారు చేసుకుంటున్నాడు. రంగు కోసం దాని తోకను ఆటోలో పడుకోబెట్టి తెచ్చాడు.

“లోపలంతా థర్మకోలప్పా. పైన ఫైబర్ గుడ్డ అంటించినా. థిన్నర్ మాత్రం తగలనీవాకు, కరిగిపోతాది.”

“ఆమాత్రం నాకు తెలీదాప్పా?” అన్నాడు కదిరప్ప.

అయినా గ్రీజు మరకొకటి కనబడేసరికి అలవాటుకొద్దీ థిన్నర్ గుడ్డతో రుద్దేశాడు. ఫైబర్‌లో ఎక్కడో సన్నటి సందున్నట్టుంది. చూస్తుండగానే ఆ చోటు గుంటపడింది. గబగబా లప్పం నింపి, నున్నగా రుద్ది, తెల్లరంగు కొట్టేశాడు.

తోకను తీసుకుపోవడానికి వచ్చిన ముద్దుకృష్ణ దాన్ని తడుముతూ ఒకచోట ఆగాడు.

“ఈడ ఏందో తేడాగా ఉండాదే?”

“అది మీ పనిలోనే ఉండిందప్పా. నేనే సరిచేసినా.”

ముద్దుకృష్ణ ముఖం చిన్నబోయింది. “నా తప్పుకు నీకు పని పెట్టినా. ఏమీ అనుకోవాకప్పా” అంటూ కదిరప్ప చేతులు పట్టుకున్నాడు.

ఆ రాత్రి కదిరప్ప సంగతంతా భార్య ప్రమీలమ్మకు చెప్పాడు.

“ఆయప్ప దాంట్లో కూర్చోని పైకి పోతాడు గదా?” అని మాత్రం అడిగిందామె.

పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాడు. షెడ్డులో తోక బిగించేసి ఉంది. సోమల నుంచి వచ్చిన చుట్టాలకు ముద్దుకృష్ణ దాన్ని చూపిస్తున్నాడు. కదిరప్ప కనబడగానే వాళ్లతో అన్నాడు: “ఈడ నేను తప్పు చేసింటే ఈయప్పే సరిచేసినాడు.”

కదిరప్పకు తల కొట్టేసినట్టయింది.

“తప్పు నాదేనప్పా. నేనే థిన్నరుతో కరగబెట్టి, మీ మీదికి తోసినా.”

ముద్దుకృష్ణ అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కాడు. లోపల థర్మకోల్ ఇంకా కరిగి బోలుపడినట్టుంది, లప్పం పగిలి వేలు లోపలికి దిగింది. ఆయన స్పానర్ తీసుకుని తోక విప్పడం మొదలుపెట్టాడు.

“మళ్లీ రంగు నేనే కొడతానప్పా, ఊరికే.”

“వద్దులేప్పా. వచ్చి చెప్పినావు, అంతే చాలు.”

తిట్టినా బాగుండుననిపించింది కదిరప్పకు.

మరుసటి వేసవిలో సోమల దగ్గర బీడు మీద ఆ విమానం తాటిచెట్టెత్తు లేచి, కాసేపు ఎగిరి, క్షేమంగా దిగింది. ముద్దుకృష్ణ కబురు పెడితే కదిరప్ప కూడా వెళ్లాడు గానీ జనం వెనకే నిలబడ్డాడు. తోకకు ఈసారి ముద్దుకృష్ణే బ్రష్షుతో రంగు వేసుకున్నాడు. అంతా చారలు చారలుగా ఉంది.

“ఆడే నిలబడినావేందప్పా? దగ్గరికొచ్చి సూడు!” అని పిలిచాడాయన.

కదిరప్ప వెళ్లాడు. ఆ చారల వంకే చూస్తూ నిలబడ్డాడు గానీ, ఆయన ముఖం వంక చూడలేకపోయాడు.