అన్న జామీను ఇస్తాడనుకున్నాను

మరమగ్గాల చప్పుడులో ఒక రోజు ఎవరో నన్ను పేరు పెట్టి తిట్టారు. మగ్గం ఆపాను. తిట్లు ఆగలేదు. పక్క మగ్గం మీదున్న మా అన్న సమ్మయ్యను అడిగాను. "ఎవ్వలు ఏమనలేదురా, జర నీళ్లు తాగు" అన్నాడు. ఆ రోజే భయం పట్టుకుంది.

వరంగల్ దవాఖానలో స్కిజోఫ్రెనియా అన్నారు. మాత్రలు అన్నే వేసేవాడు. నేను చెంపలో దాచి, ఆయన అటు తిరగగానే ఉమ్మేసేవాణ్ని. వాటిలో విషం ఉందని గొంతులు చెప్పేవి. ఒక పొద్దున మాత్ర తెచ్చిన అన్నను ఇనుప రాడ్‌తో కొట్టాను. అన్న చచ్చిపోయాడు. అప్పుడు నాకు ఆ సంగతి కూడా తెలియలేదు.

కోర్టులో జడ్జి ఏమడిగినా నవ్వానట. కేసు అర్థమయ్యే స్థితిలో లేనని విచారణ ఆపి, హైదరాబాద్‌లోని మెంటల్ హాస్పిటల్‌కు పంపారు. అక్కడ డాక్టరమ్మ ఎప్పుడొచ్చినా అవే ప్రశ్నలు. జడ్జి ఏం చేస్తాడు? వకీలు ఎవరి వైపు? అన్నీ సరిగ్గానే చెప్పేవాణ్ని, చివరిది తప్ప.

"నీ తరఫున ఎవరొస్తరు శ్రీనూ?"

"మా అన్న వస్తడు మేడం. జామీను ఇస్తడు. పొద్దుగాల గూడ మాట్లాడిండు."

"విచారణకు ఇంకా ఫిట్ కాలేదు" అని డోస్ పెంచేది.

పక్క మంచం ఆయన నవ్వేవాడు. "మందు ఉమ్మెయ్ రా. బాగైనవంటే కేసు నడుస్తది." కానీ బాగైతేనే కదా అన్న దగ్గరికి పోయేది! బుద్ధిగా మింగాను.

మందు పనిచేసింది. ముందు తిట్లు పోయాయి. తర్వాత అన్న గొంతు కూడా పోయింది. డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది.

"ఎవ్వలు రారు మేడం. మా అన్నను నేనే సంపిన."

"ఇప్పుడు నువ్వు ఫిట్" అంది. బాగుపడినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కేసు నడిచింది. వదిన సాక్ష్యం చెప్పింది. ఆనాడు నాకు మతిస్థిమితం లేదని కోర్టు నిర్దోషి అంది గానీ, బాధ్యత తీసుకునే మనిషి ఉంటేనే బయటికి పంపుతామంది. వదిన సంతకం చేసింది.

ఎందుకు వదినా అంటే, "మీ అన్న ఉంటె తోల్కపోతుండె. నాకైతే నీ మొఖం సూడబుద్ధి కాదు" అంది. నాకూ అద్దంలో చూసుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మళ్లీ మగ్గం నడుపుతున్నాను. నెలనెలా వదినే దవాఖానకు తీసుకుపోతుంది. ఆటోలో ఆమె ముందు, నేను వెనక. అక్కడ వేసే ఇంజెక్షన్ నెలంతా పనిచేస్తుంది, మాత్రతో పని లేదు. మీ ఇంట్లో మనిషి మాత్రలు ఉమ్మేస్తున్నాడని అనుమానం వస్తే, బలవంతం చేయకండి. ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి. అదొకటి ఉందని మా అన్నకు ఎవరూ చెప్పలేదు.